ఔటైనందుకు చప్పట్లు

చండీగఢ్,
12 అక్టోబర్ 2025

అత్తా,

స్వీటీ వందనాలు. నేను బాగున్నాను, తింటున్నాను, పడుకుంటున్నాను. ఈ మూడూ ముందే చెప్పేస్తే మిగతాది నువ్వు నింపాదిగా చదువుతావని.

క్యాంపులో అడుగుపెట్టగానే మా ఫోన్లన్నీ ఒక అట్టపెట్టెలో వేసి బీరువాలో పెట్టేశారు. ఆదివారం ఐదు నిమిషాలు ఇస్తారు. అవి నాన్నకే సరిపోతాయి, ఎందుకంటే నాన్న అందులో సగం సేపు "హలో, ఇనవడ్తుందా" అనే అంటాడు. అందుకే నీకు ఉత్తరం. రాజమణి మేడం కూడా రాయమన్నారు. "మీ అత్తకు రాయకుంటే ఆమె రైలెక్కి సీదా ఈడికే వస్తది" అన్నారు. నేను నవ్వాను కానీ, నువ్వు వస్తావని నాకూ తెలుసు.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే గడ్డి మీద నడిస్తే బూట్లు తడిసిపోతున్నాయి. పప్పు అంటే రాజ్మా, కూర అంటే కూడా రాజ్మానే. నువ్వు కట్టిచ్చిన మామిడికాయ తొక్కు అప్పుడే అయిపోయింది. సగం హరిచందన తినేసింది. మన రాష్ట్రం నుంచి జట్టులో ఉన్నది మేమిద్దరమే కదా, పక్కపక్క మంచాలు.

ఆసియా దేశాల నుంచి అమ్మాయిల బేస్‌బాల్ జట్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. జపాన్ వాళ్ళను చూస్తే భయమేస్తోంది. మేడంకు భారత జట్టుతో రావడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళు స్కూలు గ్రౌండులో చీపురు కట్టెలతో మాకు బ్యాటింగ్ నేర్పిన మనిషి, ఇప్పుడు నీలం కోటు వేసుకుని మూడో బేస్ పక్కన నిలబడుతున్నారు. అక్కడి నుంచి మాకు సైగలు చేస్తారు. టోపీ ముట్టుకుంటే ఒకటి, మోచేయి రుద్దుకుంటే ఇంకొకటి. ఎవరు ఎలా ఆడాలో అందులోనే ఉంటుంది. పెద్ద కోచ్ మొదటి రోజే చెప్పారు, సైగ కాదని సొంతంగా ఆడిన వాళ్ళు మిగతా టోర్నమెంటంతా బెంచీ మీదేనని. ఎంత బాగా ఆడినా సరే, ఎవరి కూతురైనా సరే.

ఇక్కడ బాగా ఆడితే వచ్చే ఏడాది పెద్ద జట్టు క్యాంపుకు పిలుస్తారట. అత్తా, నాకు అది కావాలి. ఇంతకుముందు నేను ఏదీ ఇంతగా కావాలనుకోలేదు. ప్రార్థన చెయ్యి.

నీ స్వీటీ

*

కార్వాన్,
17 అక్టోబర్ 2025

స్వీటీ బిడ్డా,

నేను లాడ్ బజార్ నుంచి ఇంటికి వచ్చేసరికి మీ నాన్న నీ కవరును టీవీ ముందు పెట్టి, విప్పకుండా, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "నీ పేరు మీద ఉన్నది గదక్కా" అన్నాడు. ఆర్టీసీ డిపోలో బస్సు ఇంజన్లు విప్పేవాడికి కవరు విప్పడానికి ధైర్యం చాలలేదు. ఇద్దరం కలిసి చదివాం. తర్వాత మా తమ్ముడు డానియేలు ఒక్కడే ఇంకోసారి చదువుకున్నాడు, నేను పడుకున్నాననుకుని.

దీపావళికి దుకాణంలో ఊపిరి సలపడం లేదు. సేటు కొత్త రకం లక్క గాజులు తెప్పించాడు. రాళ్ళు ఊడిపోతున్నాయి, తిట్లు మాత్రం నాకు. నిన్న ఒకావిడ గాజులు వేసుకుని చూసి, రెండు పగలగొట్టి, "మీ మాలే ఖరాబున్నది" అని లేచింది. నేను ఊరుకుంటానా? బజారంతా వినపడేలా ఇచ్చాను. పక్క దుకాణాల వాళ్ళు కూడా గుమిగూడారు. ఆవిడ నోరెత్తకుండా పైసలిచ్చి పోయింది. నోరు చేసుకోకపోతే మనలాంటి వాళ్ళకు మన వంతు మనకు రాదు బిడ్డా. మీ నాన్నకు ఇది ఎప్పటికీ అర్థం కాదు, నువ్వైనా నేర్చుకో.

తొక్కు సంగతి చదివి ఒళ్ళు మండింది. అది నీకు పెట్టింది, ఆ పిల్లకు కాదు. రాజమణి మేడం మంచిదే, కాదనను. మీ అమ్మ పోయాక నువ్వు మాట్లాడడమే మానేస్తే, నిన్ను గ్రౌండుకు తీసుకుపోయి మళ్ళీ మనిషిని చేసింది ఆమే. ఆ రుణం నాకు గుర్తుంది. కానీ హరిచందన ఆమెకు సొంత అక్క కూతురు. ఎంత మంచి మనిషికైనా సొంత రక్తం సొంత రక్తమే. పైగా వాళ్ళు వాళ్ళు, మనం మనం. కొంచెం కనిపెట్టుకుని ఉండు.

మ్యాచులు ఫోన్లో వస్తాయట కదా. చాయ్ హోటల్లో పెద్ద టీవీకి తగిలిస్తానన్నాడు నగేష్. మన గల్లీ వార్తలు యూట్యూబ్‌లో పెడతాడే, వాడే. ఆట నాకు అర్థం కాదని ఎగతాళి చేయకు. నువ్వు కొడితే అరుస్తాను. అంతకంటే ఏం తెలియాలి?

ప్రభువు నీ చేతులకు బలమివ్వాలి.

మీ అత్త
స్వరూప

*

చండీగఢ్,
27 అక్టోబర్ 2025

అత్తా,

నిన్న థాయిలాండ్ మీద గెలిచాం! నువ్వు చూసే ఉంటావు. కానీ నువ్వు చూసినది ఒకటి, జరిగింది ఒకటి. అది నీకొక్కదానికే చెబుతాను. నాన్నకు కూడా చెప్పకు.

ఆఖరి ఇన్నింగ్స్‌లో పరుగులు సమానంగా ఉన్నాయి కదా. మా అమ్మాయి ఒకతె రెండో బేస్ మీద ఉంది. నేను బ్యాటింగ్‌కు వెళ్ళాను. మేడం గట్టిగా కొట్టమని సైగ చేశారు. నేను స్పష్టంగా చూశాను. కానీ వాళ్ళ మూడో బేస్ అమ్మాయి, నేను గట్టిగా కొడతానని భయపడి, బాగా వెనక్కి పోయి నిలబడింది. ముందు నేలంతా ఖాళీ. నాకు ఆ ఖాళీ తప్ప ఇంకేమీ కనిపించలేదు. బ్యాట్ అడ్డం పెట్టి బంతిని మెల్లగా అక్కడ పడేశాను.

నేను ఔటవుతానని తెలుసు. కానీ వాళ్ళు పరుగెత్తుకొచ్చి బంతి తీసి నన్ను ఔట్ చేసేలోపు మా అమ్మాయి మూడో బేస్‌కు చేరింది. ఇక ఆమె చివరి గీత దాటడానికి ఒక మామూలు దెబ్బ చాలు. తర్వాత వచ్చిన హరిచందన బంతిని ఎత్తి దూరంగా కొట్టింది, గెలిచేశాం. అందరూ ఆమెను ఎత్తుకున్నారు. కానీ అంతకుముందు నేను ఔటై వెనక్కి వస్తుంటే జట్టంతా లేచి చప్పట్లు కొట్టింది. ఈ ఆటలో ఇలా ఔటైన వాళ్ళకు కూడా చప్పట్లుంటాయి అత్తా. నా జీవితంలో నేను ఆడిన అన్నిటికంటే మంచి బంతి అది.

మ్యాచ్ అయ్యాక పెద్ద కోచ్ "అలా ఆడమని ఎవరు చెప్పారు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మేడం "సైగ నాదే సార్" అన్నారు. బస్సులో నా పక్కన కూర్చుని, "ఈసారికి నా మీద వేసుకున్న. ఇంకోసారి నా మాట కాదన్నవనుకో, నేనే నిన్ను బెంచీ మీద కూసోవెడ్త" అన్నారు. నేను ఏడ్చేశాను. అప్పుడు నా తల మీద ఒక్కటిచ్చి, "గని మంచిగ జూసినవ్ రా" అన్నారు.

బయటికి పొక్కితే నా ఆట ఇక్కడితో సరి. నీ కడుపులో దాచుకో.

నీ స్వీటీ

*

కార్వాన్,
28 అక్టోబర్ 2025

స్వీటీ బిడ్డా,

ఏడవకు. నీ తరఫున ఇక్కడ మనుషులున్నారు. నీకు అన్యాయం జరిగితే చూస్తూ కూర్చునేదాన్ని కాదు నేను.

ఆదివారం ప్రార్థన కాగానే గల్లీ గల్లీ అంతా చాయ్ హోటల్లో పడ్డాం. నువ్వు బ్యాట్ పట్టుకుని వస్తుంటే ఎంత ముద్దొచ్చావో! ఇద్దరు ముగ్గురు ఈలలు కూడా వేశారు. "ఇగ జూడుండ్రి, బంతి మల్ల దొర్కది" అని నేను అన్నానో లేదో, నువ్వు కట్టె అడ్డం పెట్టి, ముట్టీ ముట్టనట్టు ముట్టించి ఔటైపోయావు. హోటలంతా సప్పున చల్లారిపోయింది. "ఏందక్కా గిది? పిల్లకు దెబ్బ గిట్ల తాకిందా?" అని అడిగారు. నాకూ అదే భయం. ఇంతలో టీవీలో మేడంను చూపించారు. చప్పట్లు కొడుతోంది! మా పిల్ల ఔటైతే చప్పట్లు! ఔటైన దానికి చప్పట్లు కొట్టే కోచ్‌ను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వెంటనే ఎవరు వచ్చారు? హరిచందన. ఎవరిని భుజాల మీద ఎత్తుకున్నారు? హరిచందనను. నీ చేత కావాలని ఔట్ చేయించి, సొంత అక్క బిడ్డను నిలబెట్టుకుంది. గుడ్డివాడికి కూడా కనబడుతుంది.

మీ నాన్న "పిల్లనడగకుండ లొల్లి జెయ్యకక్కా" అన్నాడు. నిన్ను అడిగితే నువ్వు చెబుతావా? చిన్నప్పటి నుంచి దెబ్బ తగిలినా దాచుకునే రకం నువ్వు. నగేష్ ఫోన్ నా ముందు పెట్టాడు. నేను కడుపులో ఉన్నదంతా చెప్పాను. "మేం బీదోళ్ళం, అడిగెటోడు లేడనుకున్నరా?" అన్నాను. ఆ మ్యాచ్ ముక్క కూడా పక్కనే పెట్టి వదిలాడు. పొద్దున లేచేసరికి లక్షల మంది చూశారట. దుకాణానికి వచ్చిన బేరాలు కూడా "ఆప్ వహీ వీడియోవాలీ హై నా?" అని అడుగుతున్నారు. నిన్న చర్చి ఆడవాళ్ళం అందరం కలిసి ఆటల ఆఫీసు ముందు బైఠాయించాం. లోపల నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, చండీగఢ్‌కు ఫోన్ చేస్తామని మాటిచ్చాకే లేచాం.

ఇక నువ్వు ఫికర్ చేయకు. నీ జోలికి రావాలంటే ఇకపై ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

మీ అత్త
స్వరూప

*

చండీగఢ్,
31 అక్టోబర్ 2025

అత్తా,

నీ ఉత్తరం రాకముందే నీ వీడియో వచ్చింది.

నన్నూ మేడంనూ ఆఫీసు గదిలోకి పిలిచారు. పెద్ద కోచ్, ఇంకా ముగ్గురు ఉన్నారు. లాప్‌టాప్ తెరిచి నిన్ను చూపించారు. నువ్వు తెలుగులో తిడుతున్నావు, వాళ్ళకు అర్థం కావడం లేదు. అర్థం చెప్పమని మేడంనే అడిగారు. మేడం ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పారు అత్తా. "ఈమె ముంగట పిల్లను పెడితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే" అన్నావు కదా, అది కూడా. తన గురించి నువ్వు అన్న మాటలను తన నోటితోనే హిందీలో చెప్పి, నీళ్ళు తాగారు.

తర్వాత వాళ్ళు మేడంను అడిగారు, ఔటవమని సైగ చేసింది మీరేనా అని. ఆవిడ "నేనే" అన్నారు. తర్వాత బ్యాటింగ్ మీ అక్క కూతురిదేనా? "అవును." వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇలా ఆడడం ఆటలో మామూలేనని పెద్ద కోచ్‌కు తెలుసు. కానీ అంత బాగా కొట్టే పిల్ల చేత ఎందుకు ఆడించారని అడిగితే మేడం దగ్గర జవాబు లేదు. ఎలా ఉంటుంది? అది ఆవిడ ఆడించలేదు కదా.

నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. మేడం నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. నేను నోరు విప్పలేదు. ఆవిడ ఆపారని కాదు. బెంచీ కళ్ళ ముందు కనిపించింది, అందుకని.

విచారణ అయ్యేదాకా మేడం జట్టుతో ఉండకూడదన్నారు. నిన్న రాత్రే రైలెక్కించారు. హరిచందన ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఆ వీడియో కింద దాన్ని ఏమేమి తిట్టారో ఎవరో చదివి చెప్పారట. అది చేసిన తప్పు ఏంటి? బంతిని బాగా కొట్టింది.

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. అయినా అడగడానికి నువ్వు తప్ప ఇంకెవరున్నారు? మా ఆఖరి మ్యాచ్ 8వ తేదీన, మూడో స్థానం కోసం, హాంకాంగ్‌తో. పెద్ద జట్టుకు ఎంపిక చేసేవాళ్ళు అది చూడడానికే వస్తున్నారు. నిజం చెబితే మేడం మీది నింద పోతుంది, నేను బెంచీ మీద కూర్చుంటాను. చెప్పనా, వద్దా? వెంటనే రాయి.

స్వీటీ

*

కార్వాన్,
4 నవంబర్ 2025

స్వీటీ బిడ్డా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. నీకు అబద్ధం చెప్పను. మొదటిది గురువారమే వచ్చింది. దుకాణంలో చదివి గాజుల పెట్టెల మధ్యే కూలబడ్డాను. సేటు నీళ్ళు తెప్పించాడు. ఎవరికీ చెప్పవద్దన్నావు కదా, మీ నాన్నకు కూడా చూపించలేదు.

నగేష్‌ను వీడియో తీసెయ్యమన్నాను. "గింత మంది జూసినంక ఎట్ల తీస్తం ఆంటీ, ఛానల్ ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడి ఫోన్ ముందు నిలబడింది నేనే కదా.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నిన్న సాయంత్రం దుకాణం నుంచి నేరుగా యాకుత్‌పురా వెళ్ళాను. మేడం ఇంటికి. నన్ను చూసి తలుపు వేసేస్తుందనుకున్నాను. వేయలేదు. నేను కాళ్ళు పట్టుకోబోతే "అయ్యో, ఏంది స్వరూపా గిది" అని లేపి కూర్చోబెట్టింది. చాయ్ పెట్టింది. ఇద్దరం తాగాం. నువ్వు అడిగిందే నేను అడిగాను. "నాది ఎట్లనో నడుస్తది. పిల్లను ఆడనియ్యి. ఇప్పుడు నోరు తెరవొద్దని నా మాటగా రాయి" అన్నది. ఇవి ఆమె మాటలే.

కాబట్టి చెప్పవద్దు. నోరు చేసుకోమని నీకు ఇన్నాళ్ళు నేర్పిన నేనే చెబుతున్నాను, ఈ ఒక్కసారికి నోరు మూసుకో. ఆడు. మంచిగా ఆడు. వచ్చాక ఇద్దరం కలిసి అంతా సర్దుదాం. మీ మేడం నిన్నేమీ అనుకోవడం లేదు. నన్ను కూడా అనుకోవడం లేదు.

ప్రభువు నీ తోడుండాలి.

మీ అత్త
స్వరూప

*

చండీగఢ్,
9 నవంబర్ 2025

అత్తా,

గెలిచాం. కంచు పతకం వచ్చింది. నేను రెండుసార్లు దూరంగా కొట్టాను. ఒకటి కంచె దాకా పోయింది.

నీ ఉత్తరం మ్యాచ్ ముందు రోజు అందింది. అప్పటికి నేను చెప్పేద్దామనే అనుకుంటున్నాను. పెద్ద కోచ్ గది దాకా వెళ్ళాను కూడా. నీ ఉత్తరం చదివాక వెనక్కి వచ్చేశాను. మేడం మాట కదా. ఒకసారి ఆవిడ మాట కాదన్నందుకే ఇంత జరిగింది, ఈసారైనా వినాలనుకున్నాను.

మూడో బేస్ పక్కన వేరే సార్ నిలబడి సైగలు చేశారు. ఆయన ఏది చెబితే అది చేశాను. పతకం మెడలో వేసేటప్పుడు అందరూ ఏడ్చారు, నాకు ఏడుపు రాలేదు. హరిచందన పతకం తీసుకుని సంచిలో వేసేసుకుంది. ఇక బేస్‌బాల్ ఆడనని, వాళ్ళ అమ్మ ఫోన్లో మానెయ్యమన్నదని చెప్పింది.

12న కాచిగూడలో దిగుతాను. ముందు మేడం దగ్గరికి వెళ్ళి ఈ పతకం ఆవిడ చేతిలో పెడతాను. తర్వాత ఇంటికి వస్తాను.

స్వీటీ

*

యాకుత్‌పురా,
18 నవంబర్ 2025

అత్తా,

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ నా చేతికి వచ్చింది, కానీ నీ గొంతు వినే ఓపిక లేదు.

స్టేషన్‌లో నాన్న ఉన్నాడు. ఇద్దరం మేడం ఇంటికి వచ్చాం. పతకం చేతిలో పెట్టి, "మీరు ఆడమన్నారని అత్త రాసింది, అందుకే ఆడాను" అన్నాను. మేడం అర్థం కానట్టు చూశారు. "మీ అత్తనా? రాలేదే బిడ్డా" అన్నారు. వచ్చిన రోజు నుంచి ఈ గుమ్మం ఎవరూ తొక్కలేదట. సొంత అక్క కూడా.

కాళ్ళు పట్టుకున్నావని రాశావు. చాయ్ తాగామని రాశావు. మేడం చాయ్ తాగరు అత్తా, ఈ ఇంట్లో చాయ్ పొడే ఉండదు. ఇన్నేళ్ళుగా వస్తున్నాను, నాకు తెలియదా? నీ ఉత్తరం చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర ఆగాను. ఆగి, దాటేశాను. నాకు ఆడాలని ఉంది కాబట్టి నమ్మాను. నువ్వు నాకు అబద్ధం రాశావు. నేను తెలిసి తెలిసి దాన్ని నిజమనుకున్నాను. నీ మీద ఉన్నంత కోపం నా మీద కూడా ఉంది.

ఆ రాత్రే విచారణ కమిటీకి నిజం రాసి పంపాను. మేడం వద్దంటారని పంపాకే చెప్పాను. నిన్న పెద్ద కోచ్ ఫోన్ చేశారు. మ్యాచ్‌కు ముందు చెప్పి ఉంటే వేరుగా ఉండేదట. పతకం మెడలో పడ్డాక చెప్పే నిజానికి విలువ ఏముందన్నారు. వచ్చే ఏడాది క్యాంపుకు నేను రానక్కర్లేదు. మేడం కమిటీ ముందు అబద్ధం చెప్పినట్టు తేలింది కాబట్టి ఆవిడ మీద వేటు అలాగే ఉంటుంది. అంటే నా నిజం కూడా ఆవిడనే కొట్టింది.

స్కూలు వాళ్ళు మేడంను సెలవు మీద ఉండమన్నారు. పిల్లలను గ్రౌండుకు పంపేది లేదని తల్లిదండ్రులు గొడవ చేశారట. నీ వీడియోలో మాటలే చెప్పారట, పైసలున్నోళ్ళ పిల్లల కోసం బీదోళ్ళ పిల్లలను ఔట్ చేయిస్తుందని. మేడం తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. అది నీకు తెలుసు, అయినా అన్నావు.

నేను ఇక్కడే ఉంటున్నాను. మేడం పొమ్మంటున్నారు, నేను పోవడం లేదు. ఆవిడ వండుకోవడం మానేశారు. నేను వండితే తింటున్నారు. నాన్న డ్యూటీ దిగి రోజూ వస్తున్నాడు. ఇంటికి రమ్మంటాడు. నువ్వు పంపిస్తున్నావని తెలుసు.

నువ్వు ఎందుకు అలా రాశావు? అది ఒక్కటి చెప్పు.

స్వీటీ

*

కార్వాన్,
24 నవంబర్ 2025

స్వీటీ,

ఎందుకు రాశానో చెబుతాను. నువ్వు ఆడాలి కాబట్టి రాశాను. ఇంకో కారణం కూడా ఉంది. నువ్వు నిజం చెబితే నేను చేసింది ఏమిటో గల్లీ అంతటికీ తెలిసిపోతుంది. ఈ రెండిటిలో ఏది ముందు వచ్చిందో నాకే తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్ని.

ఆ రోజు యాకుత్‌పురా వచ్చిన మాట నిజం. స్టేషన్ దాకా వచ్చాను. వాళ్ళ సందు మొదట్లో నిలబడ్డాను. ఆమె బయట అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. లాడ్ బజార్‌లో ఎంతమందినైనా ఎదురుగా నిలబడి అడిగే దాన్ని, ఆమె ముందుకు పోవడానికి నా కాళ్ళు రాలేదు. తిరిగి వచ్చి, పోయి ఉంటే ఆమె ఏమనేదో అది రాశాను. ఆమె అలాగే అనేదని నాకు నమ్మకం. అది నమ్ముకునే ఆమె మాటను నేనే తయారు చేశాను. ఒకసారి ఆమె చేయని పని ఆమె మీద వేశాను, రెండోసారి ఆమె అనని మాట ఆమె నోట్లో పెట్టాను.

మీ నాన్న నాతో మాట్లాడడం లేదు. నేను వాడిని పంపడం లేదు బిడ్డా, వాడే వస్తున్నాడు. ముప్పూటలా నేను వండింది తిని, కంచం కడిగి పెట్టి, బయటికి పోతున్నాడు. వాడు ఒక్కసారి అరిచినా బాగుండేది.

నిన్న చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచాను. ఇదివరకు లేచినప్పుడల్లా నీ గొప్పలే చెప్పుకునేదాన్ని. ఈసారి మొత్తం చెప్పాను. వీడియో, బైఠాయింపు, నీకు రాసిన దొంగ మాట, ఏదీ దాచలేదు. నాతో ఆఫీసుకు వచ్చిన ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అయిపోగానే అందరూ "ఆమెన్" అన్నారు. పాస్టరమ్మ వచ్చి కౌగిలించుకుంది. "దేవుడు క్షమించిండు అక్కా, ఇగ మనసుల పెట్టుకోకు" అన్నది. తర్వాత అందరం అన్నాలు తిన్నాం. అంత తేలిగ్గా అయిపోయింది. అక్కడ నన్ను క్షమించిన వాళ్ళలో ఒక్కరికి కూడా నేను ఏ అన్యాయం చేయలేదు.

నగేష్ దగ్గరికి కూడా పోయాను. ఇదంతా మళ్ళీ వాడి ఫోన్ ముందు చెబుతాను, ఇంకో వీడియో తియ్యమన్నాను. "ఇప్పుడది ఎవ్వరు జూస్తరు ఆంటీ" అన్నాడు. చూసినా చూడకపోయినా తియ్యమని వాడి గుమ్మంలో కూర్చున్నాను. చివరికి తీశాడు. పట్టుమని పది మంది చూడలేదు.

నువ్వు ఇంటికి రావద్దు. కోపంతో అనడం లేదు. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో పొద్దు గడవడం లేదు. లేవగానే నీ మంచం వైపే చూస్తున్నాను. అయినా చెబుతున్నాను, అక్కడే ఉండు. ఆమెకు వండి పెట్టు. ఆమె గ్రౌండుకు పోలేకపోతే నువ్వు పోయి పిల్లలను పిలువు, ఒక్కరు వచ్చినా సరే ఆడించు. ఎన్ని రోజులైనా సరే. నీ బట్టలు, పుస్తకాలు, చలికోటు సంచిలో సర్దాను.

ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయడం లేదు. నేనే పట్టుకుని వస్తున్నాను. నిన్ను తీసుకుపోవడానికి కాదు. ముందు సంచీ, ఉత్తరం కిటికీలోంచి నీకు ఇచ్చి, అరుగు కింద నిలబడతాను. నువ్వు ఇది చదివేదాకా పిలవను. చదివాక కూడా నువ్వు రాకు, నా తరఫున ఒక్క మాట కూడా చెప్పకు. తలుపు తీయాలా వద్దా అన్నది మేడంనే అనుకోనివ్వు.

స్వరూప